పెళ్ళి ఏ నిమిషంలో అయినట్టు?

శుభలేఖ మీద "ఉదయం 10-42 నిమిషాలకు" అని అచ్చువేయించిన ఇంటివాళ్ళని, సరిగ్గా ఆ 10-42కి ఏం జరగాలో అడిగి చూడండి. ఎక్కువమంది తాళి కట్టడం అంటారు. తెలుగువాళ్ళ పెళ్ళిలో సుముహూర్తం జీలకర్ర బెల్లానిది. వధూవరులు ఒకరి నడినెత్తిన ఒకరు తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్ద పెట్టి, చెయ్యి తియ్యకుండా అలా పట్టుకుని ఉండే ఆ ఒకటి రెండు నిమిషాలే ముహూర్తం. తాళి కట్టడం, తెలంగాణ మాటలో పుస్తె కట్టడం, ఆ తరవాత వచ్చే తంతు. సినిమాల్లో "ఆపండీ పెళ్ళి!" అన్న కేక తాళి ముడి వేయబోయే సమయానికే వినపడుతూ వచ్చింది గనక, మన కళ్ళు అక్కడే పెళ్ళి అయినట్టు లెక్కేసుకోవడానికి అలవాటుపడ్డాయి. మన ఆచారం ప్రకారం చూస్తే ఆ కేక వినపడేసరికి ముహూర్తం దాటిపోయింది.

ఇదేదో పేర్ల తేడా అనుకుంటే పొరపాటు. ఏ ఘడియ ముఖ్యమో తెలియని ఇల్లు ఆ ఘడియని కాపాడుకోలేదు. ఇవాళ మన మండపాల్లో జరుగుతున్నది అదే. తాళికి కెమెరాలన్నీ సిద్ధంగా ఉంటాయి, జీలకర్ర బెల్లం వేళకి పెళ్ళికొడుకు ఇంకా గేటు దగ్గరే ఉంటాడు.

ఏ జాతి పెళ్ళి చూసినా హంగామా రోజులకొద్దీ ఉంటుంది గానీ, "ఇదిగో, ఇక్కడ అయింది" అని వేలుపెట్టి చూపించగల చోటు ఒకటుంటుంది. ముస్లింల నిఖాలో అది మాట. వకీలు, అంటే పెళ్ళికూతురి తరఫున మాట్లాడే పెద్ద, ఇద్దరు సాక్షులు ఆమె దగ్గరకు వెళ్ళి, ఫలానావారి అబ్బాయి, ఇంత మెహర్ (పెళ్ళికొడుకు ఆమెకు ఇవ్వాల్సిన సొమ్ము) అని చెప్పి ఒప్పుకోలు అడుగుతారు. ఆమె సరేనన్నాకే ఖాజీ పెళ్ళికొడుకును అడుగుతాడు. ఒకరి ప్రస్తావన, ఇంకొకరి ఒప్పుకోలు ఒకే సభలో పూర్తవ్వాలి. హైదరాబాదు షాదీలో విందు అర్ధరాత్రి దాటినా ఎవరూ కంగారుపడరు. గడియారం మీద ఆధారపడింది ఏదీ అక్కడ లేదు, మాట మీదే అంతా.

క్యాథలిక్కులదీ మాటే. వారి ధర్మశాస్త్రం ప్రకారం పెళ్ళి చేసేది ఫాదర్ కాదు, వధూవరులే ఒకరికొకరు ఆ సంస్కారం ఇచ్చుకుంటారు. ఫాదర్ సంఘం తరఫున ఆ ఒప్పుకోలు అడిగి వింటాడు, ఇద్దరు సాక్షులు వింటారు. మన తెలుగు క్రైస్తవుల పెళ్ళిళ్ళలో ప్రమాణాలయ్యాక సిలువ బొమ్మ ఉన్న సూత్రం కూడా కడతారు. ఊరి ఆచారం చర్చిలోకి ఎంత గౌరవంగా నడిచి వెళ్ళిందో చూడాలంటే అదే చూడాలి. వేళ విషయంలో వాళ్ళకున్న కట్టు చట్టానిది: 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపే పెళ్ళి చెయ్యమంటుంది, ప్రత్యేక అనుమతులున్న చోట తప్ప.

యూదుల పెళ్ళిలో అది వస్తువు. పందిరి కింద ఇద్దరు సాక్షుల ముందు పెళ్ళికొడుకు ఉంగరం తొడుగుతాడు, పెళ్ళికూతురి కుడిచేతి చూపుడువేలికి. ఆ ఉంగరానికి రాళ్ళు ఉండకూడదు. రాయి ఉంటే విలువ ఎంతో చూసినంత మాత్రాన తెలియదు, ఎంత పుచ్చుకుంటున్నానో ఆమెకు తెలియాలి. గాజు గ్లాసు పగలగొట్టడం ఫోటోల్లో బాగా పడుతుంది గానీ అసలు పెళ్ళి ఆ ఉంగరంలో ఉంది. సిక్కులది నడక: గురుగ్రంథ సాహిబ్ చుట్టూ నాలుగు లావాఁలు, నాలుగోది పూర్తవగానే అయినట్టు.

మనది వేళ. లోకంలో చాలామంది మాటకి, వస్తువుకి, అడుగుకి కట్టిన ముడిని మనం కాలానికి కట్టాం. అంటే అందరికన్నా మనమే వేళకు ఎక్కువ కట్టుబడి ఉండాలి.

ఆ వేళ ఎంత సన్ననిదో లెక్క చూద్దాం. లగ్నమంటే ఆ వేళకు తూర్పున ఉదయిస్తున్న రాశి. రోజుకు లగ్నాలు పన్నెండు, సగటున ఒక్కో లగ్నం రెండు గంటలు. లగ్నంలో తొమ్మిదో వంతు నవాంశ, అది 13 నిమిషాల పైచిలుకు. ఒక డిగ్రీ అయితే 4 నిమిషాలే. "ధనుర్లగ్న పుష్కరాంశ" అని శుభలేఖ మీద వేశారంటే, ఆ రెండు గంటల్లోంచి బాగున్న చిన్న ముక్కను ఏరి పెట్టారన్నమాట. పదిహేను నిమిషాలు ఆలస్యమయ్యాక పంతులుగారు "లగ్నం ఉంది లెండి, ఫరవాలేదు" అంటారు. అబద్ధం కాదు, లగ్నం ఉంటుంది. మీరు ఏరి పెట్టించుకున్న అంశ మాత్రం వెళ్ళిపోయింది. అందుకే ముహూర్తం పెట్టించే రోజునే అడగండి: ఈ నిమిషానికి ముందు ఎంత, వెనక ఎంత పనికొస్తుంది? ఆ జవాబు కాగితం మీద రాయించుకుంటే పెళ్ళిరోజు సగం కేకలు తగ్గుతాయి.

ఇంకో తప్పు చాలామందికి తప్పని కూడా తెలియదు. లగ్నం ఊరిని బట్టి ఉంటుంది. విశాఖపట్నం 83.3 డిగ్రీల రేఖాంశం మీద, హైదరాబాదు 78.5 మీద ఉన్నాయి. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున తేడా సుమారు 19 నిమిషాలు. విశాఖలో ఇంటి పురోహితుడు అక్కడి లెక్కన 10-42 అని పెట్టి, పెళ్ళి హైదరాబాదు ఫంక్షన్ హాల్లో చేస్తే, అదే లగ్నభాగం అక్కడ 11-01 ప్రాంతంలో వస్తుంది. ముహూర్తం పెట్టించేటప్పుడు ఊరి పేరు చెప్పాలి, మీ ఊరు కాదు, మండపం ఉన్న ఊరు. అమెరికాలో పెళ్ళి చేసేవాళ్ళు ఇక్కడి ముహూర్తంలోంచి గంటలు తీసేసుకుని సరిపెట్టుకోవడం మరీ అన్యాయం. అక్కడి ఊరికి విడిగా గణించాలి, మార్చి నుంచి నవంబరు దాకా గడియారం గంట ముందుకు జరిగి ఉంటుందని గణించేవారికి గుర్తుచేయాలి.

ఇక ఆ ముద్ద సంగతి. ఇద్దరికి రెండు టేబుల్ స్పూన్ల జీలకర్ర, పెద్ద నిమ్మకాయంత బెల్లం చాలు. ముందు జీలకర్రను ఒట్టిదే బరకగా దంచాలి, ఆ పైన బెల్లం వేసి నూరాలి. నీళ్ళు పోయకూడదు. మరీ పొడిపొడిగా ఉంటే చేతివేళ్ళ తడి చాలు. బెల్లం గట్టి అచ్చు బెల్లమై ఉండాలి. కొత్త బెల్లానికి గాలిలోని తేమ లాగే గుణం ఎక్కువ, దీపాల వేడికి పది నిమిషాల్లో పాకంలా జారుతుంది. ముత్తైదువులు రోట్లో నూరినన్నాళ్ళూ ఈ బాధ లేదు. ఇప్పుడు ఎవరో వంటగదిలో మిక్సీలో వేసి, తిరగట్లేదని నీళ్ళు పోస్తారు. ఆ పలచటి ముద్ద నెత్తిన పెట్టగానే పాపిట మీదుగా నుదుటికి కారుతుంది, కల్యాణతిలకం చెరుగుతుంది, పెళ్ళికూతురు కళ్ళు మూసుకుని తువ్వాలు కోసం చెయ్యి చాపుతుంది. ఆ జంట ఒకరినొకరు చూసుకోవాల్సిన క్షణమది. ముద్దను చేసిన వెంటనే రెండు తమలపాకుల్లో పెట్టి, పైన ఇంకో ఆకు కప్పి, పళ్ళెంలో పురోహితుడి చేతికి అందే చోట ఉంచాలి. ఆకు లేతదైతే చేతిలో చిరుగుతుంది, కాస్త ముదురుది తీసుకోండి.

తలల సంగతి కూడా ముందే చూడాలి. పెళ్ళికూతురికి పూలజడ, సవరం, పాపిడిబిళ్ళ, దాని మీద సూర్యుడు చంద్రుడు, ఆ పైన జుట్టు కదలకుండా కొట్టిన స్ప్రే. ముద్ద పెట్టడానికి జాగా ఏది? అలంకరణ చేసే అమ్మాయికి ముందురోజే చెప్పి, నడినెత్తిన అరచేయంత చోటు ఖాళీగా ఉంచమనండి. పెళ్ళికొడుకు తలపాగా అప్పటికి తీసేసి ఉండాలి. పొడుగు తేడా ఎక్కువ ఉంటే పెళ్ళికూతురు పీట కింద ఇంకో పీట వేయండి. చెయ్యి అందక ఆమె సగం లేచి నిలబడితే తెర జారిపోతుంది.

జీలకర్ర, బెల్లం కలిస్తే విద్యుత్తు పుడుతుందని, అది బ్రహ్మరంధ్రం గుండా పాకుతుందని ఈమధ్య చెబుతున్నారు. అలాంటిదేమీ లేదు, ఆ ఆచారానికి అలాంటి కట్టుకథతో పనీ లేదు. పెద్దలు చెప్పే అర్థం చాలు: ఈ రెంటినీ కలిపి నూరాక మళ్ళీ విడదీయలేం. ముద్ద పెట్టేటప్పుడు పురోహితులు చదివే మంత్రం "ధ్రువం తే రాజా వరుణో" అని మొదలవుతుంది. ధ్రువం అంటే కదలనిది.

తెర గురించి మహారాష్ట్రులను చూసి నేర్చుకోవాలి. వాళ్ళకీ మనలాగే మధ్య వస్త్రం ఉంటుంది, అంతర్‌పాట్ అంటారు. వధూవరులు దండలతో చెరోవైపు నిలబడతారు, మంగళాష్టకాలు పాడతారు, పిల్లాజెల్లా అంతా అక్షింతలు పుచ్చుకుని చుట్టూ నిలబడి చూస్తుంటారు. ప్రతి శ్లోకం చివర "శుభమంగళ సావధాన". ఆఖరి సావధానకు తెర తొలగుతుంది, అక్షింతలు పడతాయి, మేళం మోగుతుంది. ఆ పది నిమిషాలు ఆ పందిట్లో భోజనాల మాట ఎత్తేవారుండరు. మన పురోహితులూ "సుముహూర్త సావధానాః" అని హెచ్చరిస్తూనే ఉన్నారు. వినేవాళ్ళేరీ? మన దగ్గర మొదటి వరసలోవాళ్ళకి కనిపించేది ఇద్దరు వీడియోగ్రాఫర్ల వీపులు, పైన తిరిగే క్రేన్. జనం అప్పటికే కవర్లు పట్టుకుని వేదిక మెట్ల మీద వరసకట్టి ఉంటారు.

తెర తీశాక చూసుకునే చూపుకు సమీక్షణం అని పేరు, దానికి ఋగ్వేదంలోంచి వచ్చిన మంత్రమే ఉంది, "అఘోరచక్షుః" అని. కోపం లేని కళ్ళతో చూడు అని అర్థం. ఫోటో బాగా రాలేదని తెర మళ్ళీ పట్టించి, మళ్ళీ తీయించే ఇళ్ళున్నాయి. దయచేసి అది చేయకండి. బెంగాలీలు పెళ్ళికూతురి ముఖానికి తమలపాకులు అడ్డం పెట్టి తీసుకొచ్చి, ఆకులు తొలగించి చూపు కలిపిస్తారు, శుభదృష్టి అంటారు. అదీ ఒక్కసారే.

వేళ తప్పడానికి కారణం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే, ముహూర్తం నుంచి వెనక్కి లెక్క కట్టకపోవడం. 10-42 అంటే 10-30కి తెర పట్టి, ముద్ద చేతుల్లో ఉండాలి. పెళ్ళికూతురిని మేనమామ బుట్టలో తేవడానికి, కూర్చోబెట్టి సర్దడానికి పావుగంట. కాళ్ళు కడగడం, ప్రవరలు, మహాసంకల్పం, కన్యాదానం కలిపి కుదించకుండా చేస్తే ముప్పై నలభై నిమిషాలు. గణపతి పూజ, వరపూజ అరగంట. అంటే పెళ్ళికొడుకు తొమ్మిదింటికల్లా పీట మీద ఉండాలి. ఎదుర్కోలు ఎనిమిదిన్నరకు ముగియాలి. బారాతులో పాటలు తొమ్మిదిన్నర దాకా సాగితే ఆ గంట ఎక్కడినుంచి తెస్తారు? కన్యాదానంలోంచే తెస్తారు. మూడు తరాల పేర్లు చెప్పే ప్రవర ఒక్క గుక్కలో అయిపోతుంది, తాతల పేర్లు ఎవరికీ వినపడవు. పెళ్ళికూతురి తండ్రి జీవితంలో ఒక్కసారి చెప్పే సంకల్పం అది. పురోహితుణ్ణి తొందరపెట్టేది మనం, "ఏమిటో గబగబా లాగించేశాడు" అనేదీ మనమే.

మేళం వాళ్ళకు సైగ ఎవరు చేయాలో కూడా ముందే తేల్చండి. గట్టిమేళం పురోహితుడు చెయ్యి ఎత్తితేనే. ఎవరో కుర్రాడు డీజేకి సైగ చేస్తే పాట మొదలవుతుంది, జనం అక్షింతలు విసిరేస్తారు, ముద్ద ఇంకా పళ్ళెంలోనే ఉంటుంది. ముహూర్తం వేళకి పొగ యంత్రాలు, నిప్పురవ్వల గొట్టాలు అసలే వద్దు. తలంబ్రాలకు థర్మాకోల్ పూసలు వద్దు. అవి బెల్లం అంటిన జుట్టుకు పట్టుకుని వదలవు, కాలికింద జారతాయి, పక్కనే హోమగుండం ఉంటుంది. కిలో బియ్యానికి రెండు చెంచాల పసుపు, ఒక చెంచా నెయ్యి కలిపి ఆరబెడితే తలంబ్రాలు అయ్యాయి. నెయ్యి ఎక్కువైతే ఉండకట్టి దోసిట్లోంచి రాలవు.

తాళిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రెండు బిళ్ళలు, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది, పసుపుతాడుకు గుచ్చి మూడు ముళ్ళు వేయడం మన ఆడవాళ్ళకు ప్రాణంతో సమానమైన గుర్తు. అయితే "మాంగల్యం తంతునానేన" అన్నది వేదమంత్రం కాదు, శ్లోకం. ఇంట్లో చేసే సంస్కారాల విధి చెప్పే పాత గృహ్యసూత్రాల్లో తాళి లేదు, జీలకర్ర బెల్లమూ లేదు. రెండూ మన నేల ఆచారాలే. సూత్రాల్లో ఉన్నవి పాణిగ్రహణం, హోమం, సన్నికల్లు తొక్కడం, సప్తపది.

చట్టం చూసేది కూడా అక్కడే. 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ రెండు మాటలు చెబుతుంది. ఇరువైపుల్లో ఏ ఒక్కరి ఆచారం ప్రకారమైనా పెళ్ళి జరిపించవచ్చు. ఆ ఆచారంలో సప్తపది ఉంటే, ఏడో అడుగు పడ్డాకే పెళ్ళి పూర్తయి కట్టుబాటు అవుతుంది. సప్తపది లేని కులాచారాలు మన దగ్గర చాలానే ఉన్నాయి, వారికి వారి ఆచారమే ప్రమాణం. తమిళనాడు 1967 సవరణతో ఇంకా ముందుకెళ్ళింది: బంధుమిత్రుల ముందు ఒకరినొకరు భార్యాభర్తలుగా ఒప్పుకుని, దండ మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా చాలు, పురోహితుడు అక్కర్లేదు. 1954 ప్రత్యేక వివాహ చట్టంలోనైతే పూర్తిగా మాటే. ముప్పై రోజుల నోటీసు గడిచాక, అధికారి, ముగ్గురు సాక్షుల ముందు, తమకు అర్థమయ్యే ఏ భాషలోనైనా ఒకరినొకరు చేపడుతున్నామని చెప్పాలి. తెలుగులో చెప్పవచ్చు, చెప్పాలి కూడా. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించిన నాటికే, 1856 వితంతు పునర్వివాహ చట్టం ఒక చిక్కు తేల్చి ఉంచింది: మొదటి పెళ్ళికి ఏ తంతు, ఏ మాటలు సరిపోతాయో వితంతువు పెళ్ళికీ అవే సరిపోతాయి. తంతు ఎక్కడ పూర్తవుతుందన్నది అంత పెద్ద ప్రశ్న.

ఇప్పటి మాటకొస్తే, 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, తంతు జరగకుండా రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే హిందూ వివాహం కాదని. వీసా కోసం ముందు కాగితం చేయించుకుని, పెళ్ళి ఏడాది తరవాత పెట్టుకునే ఇళ్ళు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. మరి సప్తపది వేళకి మన మండపంలో ఎవరుంటారు? భోజనాల మూడో బంతి నడుస్తుంటుంది, వీడియోవాళ్ళు బ్యాటరీలు మార్చుకుంటుంటారు. "ఏకమిషే" అన్నానికి, "ద్వే ఊర్జే" బలానికి, అలా ఒక్కో అడుగుకు ఒక్కో కోరిక చెప్పి, ఏడో అడుగయ్యాక "సఖా సప్తపదా భవ", నాకు స్నేహితురాలివి కా అంటాడు. మన పెళ్ళి మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువగా తోచే మాట అది. కనీసం ఇరువైపుల తల్లిదండ్రులు, తోబుట్టువులు అక్కడ నిలబడి ఉండాలి, కెమెరా కదలకుండా తీయాలి. ఏడడుగులంటే ఏడు ప్రదక్షిణలు కావు. హిందీ పెళ్ళిళ్ళు చూసి మనవాళ్ళూ గుండం చుట్టూ ఏడుసార్లు తిరిగేస్తున్నారు. చెయ్యి పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి, అగ్నికి ఉత్తరంగా వరసగా వేసే ఏడు అడుగులు అవి. విదేశాల్లో హోటలు హాలులో నిప్పుకు అనుమతి దొరకలేదని హోమం తీసేసి దాంతోపాటు సప్తపదినీ తీసేస్తుంటారు. హాలు మాట్లాడుకునే రోజునే నిప్పు సంగతి అడగండి. లోపల కుదరకపోతే ఆ అరగంట ఆరుబయట పెట్టుకోండి.

అరుంధతి విషయంలోనూ ఇంతే. పగటి ముహూర్తమైతే పదకొండు గంటల ఎండలో ఆకాశం చూపించి పంపేయకండి, రాత్రిదాకా ఆగండి. కార్తీక, మార్గశిర మాసాల్లో అరుంధతి ఉండే సప్తర్షి మండలం మన ఆకాశంలోకి వచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది, తెల్లవారుజామున లేచి ఈశాన్యం వైపు చూడాలి. వేసవి పెళ్ళిళ్ళకైతే చీకటి పడగానే ఉత్తరాన కనిపిస్తుంది.

రాత్రి ముహూర్తాలకు చివరగా ఒక జాగ్రత్త. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మారుతుంది, ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రికి మారుతుంది. "శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం, 2-37" అని పంతులుగారు సరిగ్గానే రాస్తారు. శుభలేఖ అచ్చువేసేవాడు దాన్ని శనివారం తేదీ కింద వేస్తాడు. రిజిస్ట్రేషన్ దరఖాస్తులో ఇంకొకరు ఆదివారం తేదీ రాస్తారు. దరఖాస్తుకు శుభలేఖ జతచేయమంటారు గనక కౌంటరు దగ్గరే ప్రశ్న వస్తుంది, అక్కడ గమనించకపోతే తరవాత పాస్‌పోర్టుకో వీసాకో వెళ్ళినప్పుడు వస్తుంది. ముహూర్తం అర్ధరాత్రి దాటితే పెళ్ళి తేదీ ఆదివారానిదే. శుభలేఖ మీద రెండు తేదీలూ వేయించండి, దరఖాస్తులో మాత్రం తంతు పూర్తయిన ఆ ఆదివారం తేదీ రాయండి.